హాస్టల్ గదిలోనే ఉండిపోయిన అధ్యక్షుడు

చాకవేలు, చేలూరు వైపు తెలుగు ఇళ్ల పిల్లలకు బాగేపల్లి నేషనల్ కాలేజీ కొత్త కాదు. ఆ కాలేజీ మన ప్రాంతానికి రావడానికి పూనుకున్న డాక్టర్ హెచ్. నరసింహయ్య గారు పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు మా తరగతుల్లో ఉన్న పిల్లలెవరూ ఆయనను చూసి ఉండరు. బడి కమిటీల్లో ఉన్న తల్లిదండ్రులూ, మేమూ ఆయన జీవితం నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది.

1920 జూన్ 6న గౌరిబిదనూరు తాలూకా హొసూరులో ఒక పేద ఇంట ఆయన పుట్టారు. ఊళ్లో చదువు అయిపోయాక పైచదువుకు బెంగళూరు వెళ్లాలి. బస్సు చార్జీకి డబ్బుల్లేక రెండు రోజులు నడిచి వెళ్లారు. బసవనగుడి నేషనల్ హైస్కూల్లో చేరి, పేద విద్యార్థుల వసతి గృహంలో ఉన్నారు. 1936లో గాంధీజీ ఆ బడికి వచ్చినప్పుడు హిందీ ప్రసంగాన్ని కన్నడంలోకి అనువదించింది ఈ పల్లెటూరి కుర్రవాడే. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో చదువు వదిలి జైలుకు వెళ్లారు. తర్వాత ఫిజిక్స్‌లో పట్టా పుచ్చుకుని నేషనల్ కాలేజీలోనే లెక్చరర్ అయ్యారు. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో డాక్టరేట్ చేసి, తిరిగి అదే కాలేజీకి వచ్చి ప్రిన్సిపాల్ అయ్యారు.

1970ల్లో బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా ఉన్నారు. 1917లో మొదలైన నేషనల్ ఎడ్యుకేషన్ సొసైటీకి ఆ తర్వాత చాలాకాలం అధ్యక్షులు. ఎన్ని పదవులు వచ్చినా కాలేజీ హాస్టల్లోని చిన్న గదే ఆయన ఇల్లు. పెళ్లి చేసుకోలేదు. ఖద్దరు బట్టలు, తలపై టోపీ. విరాళం అడగడానికి ఇలాంటి మనిషి గడప తొక్కితే, ఈ డబ్బు ఎటు పోతుందోనన్న అనుమానం ఇచ్చేవారికి ఎందుకు వస్తుంది? లాభం చూసుకోని సంస్థకు మొదటి పెట్టుబడి ఆ నమ్మకమే.

రోజు తప్పని పని

1962లో ఆయన బెంగళూరు సైన్స్ ఫోరం ప్రారంభించారు. ప్రతి బుధవారం సాయంత్రం సామాన్యులకు అర్థమయ్యే ఒక సైన్స్ ఉపన్యాసం, ఏటా జూలైలో నెల పొడవునా సైన్స్ ఉత్సవం. రోజు ముందే ఖాయమైతే పని చేసేవారు తమ ఇంటిపనులు దానికి తగ్గట్టు సర్దుకుంటారు. వినేవారికీ ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. స్వచ్ఛందంగా వచ్చేవారు మనకిచ్చేది తమ సమయం. దాన్ని వృథా చేస్తే రెండోసారి రారు.

ప్రశ్న అడగడాన్ని ఆయన తప్పుగా చూడలేదు. వైస్ చాన్సలర్‌గా ఉండగా 1976లో మహిమలనూ మూఢనమ్మకాలనూ పరిశీలించడానికి ఒక కమిటీ వేశారు. దాని మీద పెద్ద దుమారమే రేగింది. అయినా వెనక్కి తగ్గలేదు. ఇలాంటి మనిషి నడిపే సంస్థలో కిందివారు కూడా నోరు విప్పగలరు. సంస్థను బెంగళూరుకే పరిమితం చేయకుండా గౌరిబిదనూరుకు, బాగేపల్లికి తెచ్చింది కూడా ఆయన పట్టుదలే. 1984లో పద్మభూషణ్ వచ్చింది. 2005 జనవరి 31న కన్నుమూశారు.

మన కమిటీల మాట

ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం ఉన్న సరిహద్దు పల్లెల్లో తెలుగు చదువు నిలవాలంటే ఊరివాళ్లు సాయానికి రావాలి. పిల్లల సంఖ్య తగ్గిందని, బడి మూతపడుతుందని వార్త వచ్చాకే కమిటీ కూర్చుంటే అప్పటికే ఆలస్యమవుతుంది. నెలకొక రోజు ఖాయం చేసుకుందాం. నలుగురే వచ్చినా సభ జరుపుదాం. వచ్చిన ప్రతి రూపాయి, పెట్టిన ప్రతి ఖర్చు నోటీసు బోర్డు మీద రాద్దాం. చదువుకున్న తల్లి ఒకరు చిన్నపిల్లలకు కథలు చదివి వినిపించవచ్చు, పొలం పనులు లేని తండ్రి ప్రహరీ మరమ్మతు చూసుకోవచ్చు. ఎవరికి ఏ పనో పేరు రాసి అప్పగిద్దాం. చేసినవారికి అందరి ముందూ ధన్యవాదం చెబుదాం. అధ్యక్షుడి పిల్లలకైనా, కూలివాని పిల్లలకైనా ఒకే నియమం పెడదాం.

నరసింహయ్య గారిలా జీవితమంతా హాస్టల్ గదిలో గడపమని ఎవరినీ అడగలేం. ఆయన బుధవారంలాంటి రోజు ఒకటి మాత్రం ప్రతి బడి పెట్టుకోగలదు. ఈ నెల సభలోనే ఆ రోజేదో తేల్చుకుందాం.