సాలార్‌జంగ్ కత్తులు, మన ఇంటి పతకాలు



మేడ్చల్, శామీర్‌పేటల్లో పెరిగే పిల్లలకు సైన్యం దూరపు సంగతి కాదు. ఒకవైపు హకీంపేట, మరోవైపు దుండిగల్ వైమానిక కేంద్రాలు. శిక్షణ విమానాలు మన ఇళ్ల మీదుగానే ఎగురుతుంటాయి. మీ పిల్లవాడు బ్యాడ్జీలో, టోపీ గుర్తులో, పాత పతకాలో పోగుచేస్తుంటే పనికిరాని సరదా అని కసురుకోకండి. మన నగరంలోనే బతికిన ఒకాయన కథ చెప్పండి.

ఆయన మీర్ యూసుఫ్ అలీఖాన్, అంటే మూడో సాలార్‌జంగ్. 1889 జూన్ 13న పుణెలో పుట్టారు. నెల తిరగకుండానే తండ్రి పోయారు. తాత మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి 1883 వరకు హైదరాబాద్ దివాను. నయాపూల్ దగ్గరి దివాన్ దేవిడీ, అందులో తాత తండ్రులు కూడబెట్టిన వస్తువులు ఈ పిల్లవాడికి దక్కాయి.

నిజాం కాలేజీలో చదువుకున్నారు. 1912లో, 23 ఏళ్ల వయసులో, ఏడో నిజాం దగ్గర దివాను అయ్యారు. 1914లో పదవి వదులుకున్నారు. ఆ తర్వాత దాదాపు 35 ఏళ్లు వస్తువుల సేకరణే ఆయన లోకం. దేశవిదేశాల వ్యాపారులు సరుకు పట్టుకుని దేవిడీకి వచ్చేవారు. బొమ్మలు, గడియారాలు, రాతప్రతులతో పాటు యుద్ధ సామగ్రి కూడా అక్కడికి చేరింది. కత్తులు, బాకులు, డాళ్లు, ఇనుప కవచాలు, శిరస్త్రాణాలు, తుపాకులు. వాటిలో ఔరంగజేబువని, టిపు సుల్తాన్‌వని చెప్పేవి కూడా ఉన్నాయి.

1949 మార్చి 2న ఆయన కన్నుమూశారు. పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు. 40,000కు పైగా వస్తువులు ఏమవ్వాలి? బంధువులు తలా కొంచెం పంచుకుని ఉంటే కత్తి ఒక ఇంటికి, ఒర ఇంకో ఇంటికి, మిగిలినవి అంగళ్లకు చేరేవి. ఏది ఎవరిదో చెప్పేవారే ఉండేవారు కాదు.

అలా జరగలేదు. కళా విమర్శకుడు జేమ్స్ కజిన్స్ సాయంతో వస్తువులను వరుసగా అమర్చారు. 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీలోనే నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. చివరికి సేకరణను దేశానికి ఇవ్వడానికి వారసులు ఒప్పుకున్నారు. 1958లో రాజీ డిక్రీ వచ్చింది. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో ఇప్పటి భవనానికి మారింది. ఆయన కూడబెట్టినవి నిలిచాయంటే, ఆయన తర్వాతివారు వాటిని విడదీయకుండా ఉంచడం వల్లనే.

మన ఇళ్లలోనూ ఇదే పరీక్ష వస్తుంది. తాతయ్య ట్రంకుపెట్టెలో రిబ్బను వెలిసిన పతకం ఉందనుకోండి. తోమి మెరిపించాలని చూడకండి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి పతకాల అంచున సైనికుడి నంబరు, పేరు, రెజిమెంటు చెక్కి ఉంటాయి. తోమిన కొద్దీ ఆ అక్షరాలు అరిగిపోతాయి. ఒకరికి వచ్చిన పతకాలను అన్నదమ్ములు తలా ఒకటి పంచుకోకుండా ఒకచోటే ఉంచండి. పెద్దవాళ్లు ఉండగానే పిల్లలను పక్కన కూర్చోబెట్టి, ఎవరికి, ఎప్పుడు, ఎక్కడ వచ్చిందో ఒక నోటుపుస్తకంలో రాయించండి. ఆ కాగితం లేకపోతే పతకం లోహపు బిళ్లగా మిగిలిపోతుంది.

ఈ నెల ఒక ఆదివారం పిల్లలను సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లండి. జూబ్లీ బస్ స్టేషన్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగితే అక్కడికి దగ్గరే. శుక్రవారం సెలవు. ఆయుధాల గదిలో ఒక్క కత్తి ముందు ఆగి, ఇది ఎవరి చేతిలో ఉండేదో, ఇక్కడి దాకా ఎలా వచ్చిందో పిల్లలనే అడగండి. ఇంటికొచ్చాక ఆ నోటుపుస్తకం మొదటి పేజీ వాళ్లతోనే రాయించండి.