బూట్ల దుకాణంలో పుట్టిన బోధకుడు

నీకొదేము ఇశ్రాయేలుకు బోధకుడు. ధర్మశాస్త్రం క్షుణ్ణంగా తెలిసినవాడు. అయినా తిరిగి జన్మించడమంటే ఏమిటో అర్థంకాక యేసుప్రభువు ముందు తెల్లబోయాడు. యోహాను సువార్త 3వ అధ్యాయం చదివినప్పుడల్లా మనం ఆయన్ని చూసి జాలిపడతాం. కానీ మన సంఘాల్లో ఎక్కువగా కనిపించేది దీనికి సరిగ్గా తిరగబడిన పరిస్థితి. తిరిగి జన్మించినవారే, ప్రభువంటే ప్రాణమే, కానీ మరొకరికి వాక్యం చెప్పమంటే నోరు పెగలదు. అలాంటి ఒక విశ్వాసి 19వ శతాబ్దంలో అమెరికాలో ఉండేవాడు. ఆయన పేరు డ్వైట్ లైమన్ మూడీ. లక్షలాదిమందికి సువార్త వినిపించిన దైవజనుడిగా ఆయన మనకు తెలుసు. ఆ మాటకారితనం ఆయనకు పుట్టుకతో రాలేదు, రక్షణ పొందిన రోజునా రాలేదు.

మసాచుసెట్స్ రాష్ట్రంలోని నార్త్‌ఫీల్డ్ అనే పల్లెలో 1837 ఫిబ్రవరి 5న మూడీ జన్మించాడు. తండ్రి తాపీమేస్త్రీ. మూడీకి నాలుగేళ్లప్పుడు ఆయన హఠాత్తుగా కన్నుమూశాడు. అప్పటికే ఇంట్లో ఏడుగురు పిల్లలు. ఆయన పోయిన నెలరోజులకు కవలలు పుట్టారు. అప్పులవాళ్లు వచ్చి చివరికి పొయ్యిలోకి దాచుకున్న కట్టెలు కూడా మోసుకుపోయారు. తల్లి బెట్సీ ఆ తొమ్మిదిమందినీ రెక్కల కష్టం మీద పెంచింది. అలాంటి ఇంట్లో చదువు ఎంత సాగుతుంది? మూడీ బడికి వెళ్లింది కొద్దికాలమే. రాతలో అక్షరదోషాలు, మాటలో వ్యాకరణ దోషాలు ఆయన్ని జీవితాంతం వదల్లేదు.

పదిహేడేళ్ల వయసులో, 1854లో, బతుకుతెరువు కోసం బోస్టన్ నగరం చేరాడు. అక్కడ మేనమామ బూట్ల దుకాణంలో పని దొరికింది. కుర్రాడు దారి తప్పుతాడేమోనన్న భయంతో మామయ్య ఒక షరతు పెట్టాడు, ప్రతి ఆదివారం గుడికి, సండేస్కూల్‌కు వెళ్లాలని. అలా మౌంట్ వెర్నాన్ చర్చిలో ఎడ్వర్డ్ కింబాల్ అనే ఉపాధ్యాయుడి తరగతిలో చేరాడు. మొదటి రోజు పాఠం యోహాను సువార్తలో. ఆ పుస్తకం ఎక్కడుందో మూడీకి తెలియదు. పాత నిబంధన పేజీలు తిరగేస్తూ వెతుకుతుంటే పక్కనున్న కుర్రాళ్లు ముసిముసిగా నవ్వారు. కింబాల్ ఒక్కమాట కూడా అనకుండా, పాఠం ఉన్న చోట తెరిచి ఉంచిన తన బైబిలును అతని చేతికిచ్చి, అతని బైబిలు తాను తీసుకున్నాడు. సండేస్కూల్ ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఈ ఒక్క సంగతి చెప్పినా చాలు.

1855 ఏప్రిల్ 21. మూడీతో అతని ఆత్మ గురించి మాట్లాడాలని కింబాల్ ఆ రోజు దుకాణానికి బయలుదేరాడు. పనివేళలో వెళితే బాగుంటుందా, తోటి గుమాస్తాలు తర్వాత కుర్రాణ్ణి ఆటపట్టిస్తారేమో అని ఆలోచిస్తూ దుకాణం దాటి ముందుకు వెళ్లిపోయాడు. మళ్లీ వెనక్కు తిరిగి, ఇక ఆలోచించకుండా లోపలికి నడిచాడు. మూడీ వెనక గదిలో బూట్లు సర్దుతున్నాడు. కింబాల్ అతని భుజం మీద చెయ్యి వేసి, క్రీస్తు అతణ్ణి ప్రేమిస్తున్నాడని, ఆ ప్రేమకు ప్రతిగా ప్రేమను కోరుతున్నాడని చెప్పాడు. తాను ఏ మాటలు వాడాడో తర్వాత కింబాల్‌కే గుర్తులేదు. తన విన్నపం చాలా పేలవంగా ఉందనే ఆయన అనుకున్నాడు. అయినా ఆ గదిలోనే, బూట్ల మధ్యనే, మూడీ తన్ను తాను ప్రభువుకు అప్పగించుకున్నాడు. మర్నాడు ఉదయం సూర్యుడు ఎన్నడూ లేనంత వెలుగుతో కనిపించాడని, చెట్ల మీది పక్షులు తన కోసమే పాడుతున్నట్లు అనిపించిందని ఆయన తర్వాత చెప్పుకునేవాడు.

మరుసటి నెలలోనే సంఘ సభ్యత్వం కోరుతూ పెద్దల ముందుకు వెళ్లాడు. క్రీస్తు నీకోసం ఏమి చేశాడని వాళ్లు అడిగారు. మూడీ సరిగా జవాబు చెప్పలేకపోయాడు. పెద్దలు సభ్యత్వం ఇవ్వకుండా వాయిదా వేశారు. ఈ సంగతి చెప్పేటప్పుడు చాలామంది ఆ పెద్దలను తప్పుపడతారు. మాకు మాత్రం అలా తోచదు. వాళ్లు అతని రక్షణను కాదనలేదు, అతణ్ణి గుమ్మంలో నిలబెట్టి తలుపు మూయనూ లేదు. వాక్యం నేర్పడానికి తమలో కొందరిని అతనికి అప్పగించారు. దాదాపు ఏడాది తర్వాత, 1856లో, సంతోషంగా చేర్చుకున్నారు. పుట్టిన బిడ్డ పుట్టిన రోజునే మాట్లాడదు కదా. మాట్లాడలేదని బిడ్డ కాదనేవారూ ఉండరు, మాటలు నేర్పకుండా వదిలేసేవారూ ఉండరు. మన దగ్గర బాప్తిస్మం తీసుకున్న మరుసటి ఆదివారమే కుర్రవాడి చేతికి మైకు ఇచ్చే సంఘాలున్నాయి, ఇరవయ్యేళ్లయినా పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క అధ్యాయం నేర్పని సంఘాలూ ఉన్నాయి. మౌంట్ వెర్నాన్ పెద్దలు ఈ రెంటిలో ఏదీ చేయలేదు.

1856లోనే మూడీ షికాగో వెళ్లాడు. అక్కడా బూట్ల వ్యాపారమే. ఆ రోజుల్లో చర్చిలో కుటుంబాలు బెంచీలకు అద్దె కట్టి కూర్చునేవి. మూడీ నాలుగు బెంచీలు అద్దెకు తీసుకుని, వీధుల్లో, వసతిగృహాల్లో కనిపించిన యువకులను తెచ్చి నింపాడు. తర్వాత ఒక మిషన్ సండేస్కూల్‌కు వెళ్లి తరగతి కావాలని అడిగాడు. అక్కడ పిల్లలు పదహారుగురు, ఉపాధ్యాయులు పన్నెండుగురు! నీ పిల్లల్ని నువ్వే తెచ్చుకోమన్నారు. మరుసటి ఆదివారం చిరిగిన బట్టలతో, చెప్పులు లేని కాళ్లతో ఉన్న పద్దెనిమిదిమంది వీధిపిల్లలతో మూడీ ప్రత్యక్షమయ్యాడు. పిల్లల్ని తేవడం తన పని, చెప్పడం వేరేవాళ్ల పని అని అప్పట్లో ఆయన అనుకున్నాడు.

అయినా చెప్పక తప్పలేదు. విలియం రేనాల్డ్స్ అనే విశ్వాసి మూడీని మొదటిసారి చూసినది ఒక పాడుబడిన సారాకొట్టులో. చుట్టూ నాలుగైదు కొవ్వొత్తులు. మూడీ ఒక నల్లజాతి పసివాణ్ణి పట్టుకుని తప్పిపోయిన కుమారుడి కథ చదివి వినిపిస్తున్నాడు. చాలా మాటలు ఆయనకే చదవడం రావడం లేదు. రాని మాటల్ని వదిలేసి ముందుకు పోతున్నాడు. దేవుడు ఇలాంటి మనిషిని కూడా వాడుకుంటే అది ఆశ్చర్యమేనని రేనాల్డ్స్ అనుకున్నాడు.

తర్వాత నార్త్ మార్కెట్ హాలులో మూడీ నడిపిన సండేస్కూల్ వందలాది పిల్లలతో కిటకిటలాడింది. శనివారం రాత్రి అదే హాలులో నాట్యాలు, తాగుళ్లు జరిగేవి. ఆదివారం తెల్లవారగానే మూడీ బీరు పీపాలు దొర్లించి, నేల ఊడ్చేవాడు. అధ్యక్షుడిగా ఎన్నికైన అబ్రహాం లింకన్ 1860 నవంబరులో ఈ బడిని చూడడానికి వచ్చాడు. కానీ మూడీ జీవితాన్ని మలుపు తిప్పినది లింకన్ రాక కాదు. అదే ఏడు ఆయన బడిలోని ఒక ఉపాధ్యాయుడికి క్షయ ముదిరి ఊపిరితిత్తుల నుంచి రక్తం పడసాగింది. చనిపోవడానికి సొంత ఊరు వెళుతున్న అతనికి ఒకటే దిగులు, తన తరగతిలోని ఆడపిల్లల్లో ఒక్కరు కూడా రక్షణ పొందలేదని. మూడీ బండి మాట్లాడి అతణ్ణి ఇంటింటికీ తీసుకెళ్లాడు. అడుగు వేయలేని ఆ మనిషి ఒక్కొక్క పిల్ల ఎదుట కూర్చుని క్రీస్తును గురించి చెప్పి, ప్రార్థించాడు. పదిరోజుల్లో ఆ పిల్లలందరూ ప్రభువును నమ్ముకున్నారు. లక్ష డాలర్లు సంపాదించాలని కలలుగన్న మూడీకి ఆ తర్వాత వ్యాపారం రుచించలేదు. దాచుకున్న ఏడువేల డాలర్లతో, జీతం లేని పరిచర్యలోకి దిగాడు.

ఆయన నేర్చుకున్న అతిపెద్ద పాఠం మాత్రం ఇంకా రావలసి ఉంది. 1867లో డబ్లిన్‌లో హెన్రీ మూర్‌హౌస్ అనే పొట్టి కుర్రాడు, ఒకప్పుడు జూదరి, దొంగ, వచ్చి అమెరికాలో మూడీ సంఘంలో ప్రసంగిస్తానన్నాడు. మీసం కూడా సరిగా రాని ఇతను ఏం ప్రసంగిస్తాడని మూడీ పట్టించుకోలేదు. 1868 ఆరంభంలో అతను నిజంగానే షికాగోలో దిగాడు. మూడీకి ఊరికి వెళ్లే పని ఉండడంతో అయిష్టంగానే అవకాశమిచ్చి వెళ్లాడు. తిరిగి వచ్చాక భార్య ఎమ్మాను అడిగితే, జనానికి అతను బాగా నచ్చాడని, చెప్పేది భర్త బోధకు కాస్త వేరుగా ఉందని, ప్రతి మాటనూ బైబిలుతో రుజువు చేస్తున్నాడని ఆమె చెప్పింది. మూడీ వెళ్లి కూర్చున్నాడు. వారమంతా మూర్‌హౌస్ తీసుకున్న వాక్యం ఒక్కటే, యోహాను 3వ అధ్యాయం 16వ వచనం. ఆదికాండం నుంచి ప్రకటన వరకు ప్రతి పుస్తకంలో నుంచీ దేవుని ప్రేమను తీసి చూపించాడు. అంతవరకు దేవుడు కత్తి పట్టుకుని పాపి వెంటపడతాడని బోధించిన మూడీ ఆ సభల్లో కన్నీళ్లు ఆపుకోలేకపోయాడు. దేవుడు ప్రేమతో వెంటపడుతున్నాడని, తన ప్రసంగాల్లో ఇన్నాళ్లూ ఆ సంగతే లోపించిందని గ్రహించాడు.

మూర్‌హౌస్ అక్కడితో వదల్లేదు. నీ సొంత మాటలు మాని దేవుని మాటలు చెప్పడం నేర్చుకోమని మూడీకి ముఖం మీదే చెప్పాడు. ఒక అంశాన్ని పట్టుకుని లేఖనమంతటా ఎలా వెతకాలో పక్కన కూర్చుని నేర్పాడు. అప్పటికే వెయ్యిమందికి బోధిస్తున్న మూడీ, తనకంటే చిన్నవాడి ముందు, ఒకప్పటి దొంగ ముందు విద్యార్థిగా కూర్చున్నాడు. అపొల్లో కూడా విద్వాంసుడే, వాగ్ధాటి గలవాడే. అయినా డేరాలు కుట్టుకునే అకుల ప్రిస్కిల్లలు ఇంటికి పిలిచి నేర్పితే నేర్చుకున్నాడు. మూర్‌హౌస్‌ను వినమని మూడీని పంపినది కూడా ఒక ప్రిస్కిల్లే, ఎమ్మా. ఆనాటి నుంచి మూడీ తెల్లవారకముందే లేచి బైబిలు ముందు కూర్చునేవాడు. ఆయన బైబిలు అంచులు సొంత గుర్తులతో, రాతలతో నిండిపోయాయి.

తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. 1871 షికాగో అగ్నిప్రమాదం, 1873 నుంచి 1875 వరకు ఐరా సాంకీతో కలిసి బ్రిటన్‌లో జరిపిన సభలు, అక్కడి జనసమూహాలు. ఇన్ని చేసినా ఆయన ఏనాడూ గురువు అభిషేకం తీసుకోలేదు. చివరివరకు మిస్టర్ మూడీయే. ప్రసంగం ముగిశాక ఆయన పని అయిపోయేది కాదు. విచారించే వారి కోసం వేరే గది ఉండేది. అక్కడ ఒక్కొక్కరి పక్కన ఒక్కొక్క విశ్వాసి తెరిచిన బైబిలుతో కూర్చోవాలని ఆయన పట్టుబట్టేవాడు. 1879లో నార్త్‌ఫీల్డ్‌లో ఆడపిల్లలకు, 1881లో మౌంట్ హెర్మన్‌లో మగపిల్లలకు బడులు పెట్టాడు. చదువు లేక తాను పడిన ఇబ్బంది ఆయనకు గుర్తుంది. 1889లో షికాగోలో ప్రారంభమైన బైబిలు పాఠశాల పాదిరీల కోసం కాదు, సంఘంలో బెంచీల మీద కూర్చునే మామూలు స్త్రీపురుషుల కోసం. 1899 డిసెంబరు 22న ఆయన కన్నుమూశాక దానికి ఆయన పేరు పెట్టారు.

కింబాల్ సంగతి ఒకటి మిగిలింది. బూట్ల దుకాణంలోని ఆ రోజుకు పదిహేడేళ్ల తర్వాత మూడీ వూస్టర్ పట్టణంలో సభలు జరుపుతుండగా ఒక కుర్రాడు వచ్చి, తాను ఎడ్వర్డ్ కింబాల్ కుమారుణ్ణని చెప్పాడు. మూడీ అతని వయసు అడిగాడు. పదిహేడు. క్రైస్తవుడివేనా అని అడిగితే కానన్నాడు. తాను కుర్రాడిగా ఉన్నప్పుడు మీ నాన్న నా దగ్గరికి వచ్చాడంటూ మూడీ ఆ కుర్రాడికి క్రీస్తును గురించి చెప్పాడు. అతను ప్రభువును అంగీకరించాడు.