వజ్రం తాకట్టు పెట్టిన టాటా

టాటా అంటే మన సీఎస్ఈ వాళ్ళకి ముందు గుర్తొచ్చేది టీసీఎస్, ప్లేస్‌మెంట్లు. నాకూ అంతే. కానీ ఒకప్పుడు టాటా కంపెనీలో జీతాలివ్వడానికి కూడా డబ్బుల్లేని రోజు వచ్చిందని చదివాక, దొరాబ్జీ టాటా గురించి మీకు చెప్పాలనిపించింది.

దొరాబ్జీ 1859లో బొంబాయిలో పుట్టారు. జంషెట్‌జీ టాటా పెద్ద కొడుకు. కేంబ్రిడ్జిలో చదివారు, కొన్నాళ్ళు పత్రికలో పనిచేశారు. మన దేశంలోనే ఉక్కు తయారుచేయాలన్నది నాన్నగారి కల. 1904లో ఆయన పోయేనాటికి ఫ్యాక్టరీ ఎక్కడ కట్టాలో కూడా తేలలేదు.

ఇనుప రాయి కోసం దొరాబ్జీ అడవులూ కొండలూ తిరిగారు. చివరికి జియాలజిస్ట్ పి.ఎన్. బోస్ ఇచ్చిన సమాచారంతో మయూర్‌భంజ్ సంస్థానంలోని గురుమహిసాని కొండల్లో మంచి ఖనిజం దొరికింది. 1907లో కంపెనీ పెట్టారు. 1912లో సాక్చి అనే ఊళ్ళో మొదటి ఉక్కు తయారైంది.

రెండేళ్ళకే మొదటి ప్రపంచ యుద్ధం. ఇక్కడి రైలు పట్టాలు మెసొపొటేమియా దాకా వెళ్ళాయి. 1919లో వైస్రాయ్ స్వయంగా వచ్చి సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. గిరాకీ చూసి ఫ్యాక్టరీని బాగా పెంచడం మొదలుపెట్టారు.

అక్కడే దెబ్బ తగిలింది. యుద్ధం అయిపోయాక ఖర్చులన్నీ పెరిగిపోయాయి. విదేశీ ఉక్కు చౌకగా వచ్చిపడింది. 1920లో, 1922లో కార్మికులు సమ్మెలు చేశారు. 1923లో భూకంపం వచ్చి, పెద్ద కస్టమర్ అయిన జపాన్ దెబ్బతింది. 1924లో జీతాలకి డబ్బుల్లేవని జంషెడ్‌పూర్ నుంచి బొంబాయికి టెలిగ్రాం వచ్చింది.

అప్పటికి దొరాబ్జీకి దాదాపు 65 ఏళ్ళు. పిల్లల్లేరు. కంపెనీ మూసేసి ఉన్న ఆస్తితో హాయిగా బతకొచ్చు. ఆయన మాత్రం సొంత ఆస్తి, దాదాపు కోటి రూపాయల విలువైనది, ఇంపీరియల్ బ్యాంకులో తాకట్టు పెట్టారు. అందులో భార్య మెహెర్‌బాయి జూబిలీ వజ్రం కూడా ఉంది. అది 245 క్యారెట్లు. మన కొల్లూరులో దొరికిందని చెప్పుకునే కోహినూర్ ఇప్పుడున్న బరువుకి రెండింతల పైనే.

అదే ఏడాది ప్రభుత్వం విదేశీ ఉక్కు మీద సుంకం పెంచింది. కంపెనీ మెల్లగా నిలబడింది.

1931లో మెహెర్‌బాయి లుకేమియాతో పోయారు. 1932లో దొరాబ్జీ తన ఆస్తి దాదాపు అంతా ట్రస్టుకి రాసేసి, ఆ ఏడాదే జర్మనీలో కన్నుమూశారు. తర్వాత వజ్రం కూడా అమ్మేశారు, ఆ డబ్బూ ట్రస్టుకే వెళ్ళింది. 1941లో బొంబాయిలో టాటా మెమోరియల్ క్యాన్సర్ హాస్పిటల్ కట్టించింది ఆ ట్రస్టే.

కంపెనీ నిలబడిందని మనకి తెలుసు కాబట్టి ఇదంతా ఈజీగా అనిపిస్తుంది. బ్యాంకులో సంతకం పెట్టిన రోజున ఆయనకి మాత్రం తెలీదు. ఇదంతా చదివాక నా మనసులో మిగిలిపోయింది ఆ ఒక్క రోజే.