గుమాస్తా మాటతో నిలిచిన నిధి: రైడర్ హాగర్డ్ జీవితం

కొండల మధ్య దాగిన రాజ్యాలు, లోకం మరచిన జాతులు, వేల ఏళ్లు బతికిన రాణులు. ఇంగ్లిష్‌లో 'లాస్ట్ రేస్' నవలలకు బాట వేసిన హెన్రీ రైడర్ హాగర్డ్‌ను చిన్నప్పుడు తండ్రే మందమతి అనుకున్నాడు. 1856 జూన్ 22న నార్ఫోక్‌లో పుట్టిన ఆయన పదిమంది పిల్లల్లో ఎనిమిదోవాడు. అన్నలకు దక్కిన ఖరీదైన చదువు ఆయనకు దక్కలేదు.

19 ఏళ్లకే జీతం లేని కొలువుకు దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు పంపేశారు. 1877లో బ్రిటన్ ట్రాన్స్‌వాల్‌ను కలిపేసుకున్నప్పుడు ప్రిటోరియాలో జెండా ఎగరేసినవారిలో ఆయనా ఉన్నాడు. ఆ ఆఫ్రికాయే తర్వాత నవలలకు ముడిసరుకైంది.

ఇంగ్లండ్‌కు తిరిగొచ్చి న్యాయవాద వృత్తికి చదువుతున్న రోజుల్లో, 'ట్రెజర్ ఐలాండ్'లో సగం స్థాయి పుస్తకమైనా రాయలేవంటూ సోదరుడు ఐదు షిల్లింగుల పందెం కాశాడు. ఆరు వారాల్లో 'కింగ్ సాలమన్స్ మైన్స్' పూర్తయింది. హక్కులన్నిటికీ కలిపి 100 పౌండ్లు ఇస్తామంది కాసెల్ ప్రచురణ సంస్థ. హాగర్డ్ ఒప్పుకోబోతుండగా, గదిలో ఉన్న గుమాస్తా ఒకరు రాయల్టీయే మేలని చెవిన వేశాడు. 1885 సెప్టెంబరులో వచ్చిన ఆ పుస్తకం ఏడాదిలో 31,000 ప్రతులు అమ్ముడుపోయింది.

తొలి ముద్రణ 2,000 ప్రతులే. పాత పుస్తకాలు సేకరించేవారు ఇప్పటికీ వాటికోసం వెతుకుతారు. మడతపెట్టిన రంగుల పటం చిరగకుండా ఉందా, 307వ పేజీలో తారుమారైన అక్షరాలు అలాగే ఉన్నాయా అని చూస్తారు. అచ్చుతప్పే అసలు ప్రతికి ఆనవాలు.

ఖరగ్‌పూర్‌కు ఇంకా రైలు రాని 1888లో, వీలర్ సంస్థ రైలు ప్రయాణికుల కోసం కిప్లింగ్ కథలను చవక పుస్తకాలుగా తెచ్చింది. ఆ కిప్లింగే తర్వాత హాగర్డ్‌కు ఆప్తమిత్రుడయ్యాడు. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని కథలు అల్లుకునేవారు.

1887లో 'షీ' పుస్తకంగా వచ్చి కీర్తిని రెట్టింపు చేసింది. 1891లో దంపతులిద్దరూ పాతిపెట్టిన నిధి కబురు విని మెక్సికో వెళ్లారు. నిధి దొరకలేదు. అక్కడ ఉండగానే, ఇంగ్లండ్‌లో వదిలివచ్చిన తొమ్మిదేళ్ల ఒక్కగానొక్క కొడుకు జాక్ తట్టు సోకి చనిపోయాడు. ఆ దుఃఖం నుంచి హాగర్డ్ చివరిదాకా తేరుకోలేదు.

ఆయన వారసత్వంలో మచ్చ కూడా ఉంది. గ్రేట్ జింబాబ్వే శిథిలాలు ఆఫ్రికన్లు కట్టినవి కావన్న వలస పాలకుల నమ్మకానికి ఇలాంటి నవలలు ఊతమిచ్చాయి. 1906లో రాండల్-మెకైవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్-థాంప్సన్ తవ్వకాల ఆధారాలతో ఆ నమ్మకాన్ని తోసిపుచ్చారు.

ఇంగ్లండ్ రైతుల స్థితిగతులపై ఊరూరా తిరిగి 1902లో 'రూరల్ ఇంగ్లండ్' వెలువరించాడు హాగర్డ్. 1912లో ఆయనకు సర్ బిరుదు దక్కింది. అది ప్రజాసేవకు, నవలలకు కాదు. 1925 మే 14న లండన్‌లో కన్నుమూశాడు. సర్కారు మన్నించిన ఆ వ్యవసాయ నివేదికను ఇవాళ చదివేవారు తక్కువ. పందెం కోసం రాసిన పుస్తకం మాత్రం ఇంకా అచ్చవుతూనే ఉంది.