భక్తకవి పురుషోత్తమ చౌదరి

తెలుగు సాహిత్య చరిత్రను అధ్యయనం చేసే విద్యార్థికి 19వ శతాబ్దం రాగానే చిన్నయసూరి, వీరేశలింగం, గురజాడ మొదలైన పేర్లు వరుసగా ఎదురవుతాయి. అదే శతాబ్దంలో నూటికి పైగా కీర్తనలు రచించి, వాటిని పండితుల నోట మాత్రమే గాక పామరుల నోటకూడా నిలిపిన మరొక కవి ఉన్నారు. ఆయన పేరు ఆ వరుసలో అరుదుగా కనిపిస్తుంది. ఆయనే పురుషోత్తమ చౌదరి. ఆదివారం ఉదయం ఏ చర్చి పక్కనుండి నడిచి వెళ్ళినా ఆయన పాట చెవిన పడవచ్చు. వినేవారిలో చాలామందికి ఆ పాట వ్రాసినవారెవరో తెలియదు. పాట మిగిలి పేరు మరుగునపడటం కవికి అపకీర్తి కాదు గాని, భాషాధ్యయనం చేసేవారికి మాత్రం లోపమే.

ఆయన జీవితమంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. మనిషి తరించేది తాను పాటించిన నియమాల బలంతోనా, లేక దైవం చూపే దయతోనా? దయవల్లనే అయితే ఇక నియమం దేనికి? ఈ ప్రశ్న ఏ ఒక్క మతానికీ చెందినది కాదు. కొండగట్టు అంజన్నకు మొక్కు చెల్లించుకోవడానికి కాలినడకన సాగే భక్తులను మన కొడిమ్యాల ప్రాంత విద్యార్థులు చూస్తూనే ఉంటారు. దర్గాకు చాదరు మోసుకుపోయే వారినీ చూస్తారు. మొక్కు ఇచ్చిపుచ్చుకునే ఒప్పందమా, కృతజ్ఞతా అని ఎవరైనా అడిగితే వెంటనే సమాధానం చెప్పడం సులభం కాదు. చౌదరిగారు తమ బ్రతుకుతో ఒక సమాధానం చెప్పారు.

ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో జన్మించారు. ఆనాడది మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరింది. గిడుగు రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయులుగా పనిచేసి వ్యావహారిక భాషోద్యమానికి పూనుకొన్నది ఈ ఊరిలోనే. చౌదరి అన్న పేరు చూసి కొందరు పొరబడటం కద్దు. ఆయనది వంగదేశం నుండి వచ్చిన బ్రాహ్మణ కుటుంబం, వైష్ణవ సంప్రదాయం. వంశం వంగదేశానిది, పరిసరం ఓఢ్రానిది, కవిత్వం తెలుగుది, పాండిత్యం సంస్కృతానిది. ఇన్ని భాషల కూడలిలో పెరిగినవాడు కనుకనే కాబోలు, ఒక భాష ఒక మతం వారి సొత్తు అన్న భావన ఆయన దరిచేరలేదు.

ఆనాటి వైష్ణవ బ్రాహ్మణ గృహంలో దినచర్య అంతా విధి నిషేధాల మయం. స్నానం, సంధ్య, జపం, వ్రతం, ఉపవాసం, తీర్థయాత్ర, మడి, ఆచారం వీటిలో ఏది తప్పినా దోషం, దోషానికి ప్రాయశ్చిత్తం. పురుషోత్తముడు ఈ నియమాలను తేలికగా తీసుకొన్నవాడు కాదు. వాటిని శ్రద్ధగా అనుష్ఠించినవాడు. నియమాన్ని లెక్కచేయనివానికి దాని బరువు తెలియదు. నిష్ఠగా మోసినవానికే అది ఎంత బరువో తెలుస్తుంది. ఎంత జపించినా చాలునన్న తృప్తి కలగకపోవడం, ఎంత శుద్ధి చేసుకొన్నా లోపలి మలినం మిగిలే ఉన్నదన్న బాధ ఆయనను వేధించాయి. ఆయన అన్వేషణకు మూలం ఈ బాధే.

ఆ అన్వేషణ ఏ దారి పట్టిందో గ్రహించాలంటే ఆనాటి విశాఖపట్నం వైపు చూడాలి. లండన్ మిషనరీ సంఘం పక్షాన క్రాన్, డి గ్రాంజ్ అనే ఇద్దరు బోధకులు 1805లో అక్కడికి చేరుకున్నారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుని సాయంతో సువార్తలను తెలుగు చేయడానికి పూనుకున్నారు. క్రాన్ 1809లో, డి గ్రాంజ్ 1810లో మరణించారు. అయినా వారి అనువాదం వృథా కాలేదు. మూడు సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. ఆ తరువాతి రెండు దశాబ్దాలలో తెలుగు క్రైస్తవ పుస్తకాలు, కరపత్రాలు ఉత్తరాంధ్ర పల్లెలకు చేరసాగాయి. తాటాకు గ్రంథం గురువు చేతినుండి శిష్యుని చేతికే వెళ్ళేది. అచ్చు పుస్తకానికి అట్టి కట్టుబాటు లేదు. అది ఎవరి చేతిలోనైనా పడవచ్చు. అలాగే పురుషోత్తముని చేతిలోనూ పడింది. ఆయన 1833లో, ముప్పై ఏళ్ళ వయస్సులో, బాప్తిస్మం పొందారు.

ఆనాడు ఒక బ్రాహ్మణుడు ఇట్టి నిర్ణయం తీసుకోవడమంటే ఇల్లు, బంధువర్గం, కులం, గౌరవం అన్నిటినీ పణంగా పెట్టడమే. కులభ్రష్టుడైనవానికి పిత్రార్జితంలో హక్కు కూడా సందేహాస్పదమే. మతం మారినవాని ఆస్తిహక్కును కాపాడే శాసనం దేశమంతటికీ వర్తించేలా వచ్చింది 1850లో. చౌదరిగారి నిర్ణయానికీ ఆ శాసనానికీ మధ్య పదిహేడేళ్ళ దూరం ఉన్నది. కనుక దీనిని లాభాపేక్షతో చేసిన మార్పుగా భావించడానికి వీలులేదు.

ఇంతకూ ఆయనను ఆకర్షించిన సిద్ధాంతమేమిటి? క్రైస్తవ పరిభాషలో దీనికి రెండు మాటలున్నాయి. ఒకటి ధర్మశాస్త్రం, రెండవది కృప. క్రైస్తవం తొలిరోజులలో ఒక వివాదం చెలరేగింది. యూదులు కానివారు క్రీస్తును నమ్మితే, వారు సున్నతి మొదలుకొని మోషే ధర్మశాస్త్ర విధులన్నిటినీ పాటించాలా అన్నది ఆ వివాదం. అక్కరలేదని పౌలు వాదించాడు. గలతీయులకు, రోమీయులకు ఆయన వ్రాసిన పత్రికలలో ఈ వాదం విస్తారంగా ఉన్నది. మనిషి ఎంత ప్రయాసపడినా ధర్మశాస్త్రాన్ని సంపూర్ణంగా నెరవేర్చలేడనీ, దైవకృపను విశ్వాసంతో స్వీకరించడంవల్లనే నీతిమంతుడుగా ఎంచబడతాడనీ ఆ వాదసారం. పదిహేను వందల ఏళ్ళ తరువాత జర్మనీలో మార్టిన్ లూథర్ అనే సన్యాసి కఠిన నియమాలతో శరీరాన్ని శుష్కింపజేసుకొని, శాంతి కానక, ఇదే భావాన్ని తిరిగి ఆశ్రయించాడు. 1517లో ఆయన ప్రారంభించిన వివాదం ఐరోపా మతచరిత్రనే మార్చివేసింది. లూథర్ అనుభవానికీ పురుషోత్తముని అనుభవానికీ గల పోలిక ఆశ్చర్యకరం. ఇద్దరూ నియమాన్ని నిష్ఠగా పాటించి అలసినవారే.

ధర్మశాస్త్రాన్ని పౌలు నిందించలేదు. దానిని బాలుని చేయిపట్టి నడిపే శిక్షకునితో పోల్చాడు. బాలశిక్షతో అక్షరాలు దిద్దుకొన్నవాడు పెద్దవాడై ప్రబంధాలు చదువుతున్నప్పుడు బాలశిక్షను చింపివేయడు. అలాగని జీవితాంతం దానినే వల్లెవేస్తూ కూర్చోడు. మరొకచోట పౌలు దాసునికీ కుమారునికీ గల భేదం చూపాడు. తెలంగాణ వారికి దీనిని వివరించడం కష్టం కాదు. వెట్టిచాకిరీని మన తాతల తరం కళ్ళారా చూసింది. వెట్టికి పోయినవాడు పొలంలో చేసే పని, ఇంటి కొడుకు అదే పొలంలో చేసే పని చూడటానికి ఒకటే. నాగలి ఒకటే, చెమట ఒకటే. ఒకడు కొరడాకు వెరచి చేస్తాడు, ఒకడు తనదని చేస్తాడు. కృపవల్ల కలిగే స్వాతంత్ర్యం అంటే పని మానడం కాదు, వెట్టి మానడం.

ఇక్కడ ఒక ఆక్షేపణ తప్పక వస్తుంది. దయతోనే అన్నీ సరిపోతే మనిషి ఇష్టం వచ్చినట్లు ప్రవర్తించడా? పౌలు కాలంలోనే ఈ ప్రశ్న పుట్టింది. దీనికి తర్కంతో చెప్పే సమాధానం కంటే నడవడితో చెప్పే సమాధానం బలమైనది. చౌదరిగారు 1833 తరువాత 1890లో కాలధర్మం చెందేవరకు యాభై ఏడేళ్ళు జీవించారు. నియమాలనుండి విముక్తి పొందానన్న మనిషి ఆ కాలాన్ని విశ్రాంతిగా గడపలేదు. ఉత్తరాంధ్ర ప్రాంతంలో బోధకుడుగా తిరిగారు. పద్యాలు, గద్యం, కీర్తనలు వ్రాశారు. జపసంఖ్య లెక్కపెట్టుకోవడం మానినవాడు సేవకు లెక్క చూసుకోలేదు.

నియమాల బరువు తనకు తప్పింది కదా అని ఆయన ఊరుకోలేదు. కులాచార పరీక్ష అన్న గ్రంథంలో కులవ్యవస్థను విమర్శకు పెట్టారు. దయవల్ల మాత్రమే అంగీకరింపబడినవాడు, పుట్టుకవల్ల తాను అధికుడనని చెప్పుకోవడానికి తావు లేదు. దైవం ముందు చూపడానికి సొంత పుణ్యం లేనప్పుడు, మనుషుల ముందు చూపడానికి కులం మాత్రం ఎక్కడిది? అగ్రకులంలో జన్మించినవాడు తన పుట్టుక ఇచ్చిన గౌరవాన్ని తానే ప్రశ్నించడంలో ఈ సిద్ధాంతపు సామాజిక ఫలితం స్పష్టంగా కనబడుతుంది. అయితే ఆ తరువాతి కాలంలో కులభేదం తెలుగు క్రైస్తవ సంఘాలలో పూర్తిగా అంతరించలేదన్నది కూడా సత్యమే. చౌదరిగారు సంధించిన ప్రశ్న ఆయన సొంత సంఘానికీ వర్తిస్తుంది.

కవిగా ఆయన సాధించినది మరింత విశేషం. విదేశీ బోధకులు తమ దేశపు రాగాలను, పాటలను తెచ్చారు. వాటిని తెలుగులోకి మార్చి పాడితే మాట తెలుగే అయినా నడక తెలుగు కాదు. చౌదరిగారు పల్లవి, అనుపల్లవి, చరణాలతో, మన రాగతాళాలతో కీర్తనలు కట్టారు. శతక ప్రక్రియనూ చేపట్టారు. రక్షించమని మొరపెట్టే సంస్కృత సంబోధనలను, వైష్ణవ భక్తుల దైన్యాన్ని క్రీస్తుపరం చేశారు. మతం మారినా ఆయన వాణి మారలేదు. తెలుగువారికి ఈ దైన్యం కొత్త కాదు. గోల్కొండ చెరసాలలో రామదాసు మొరపెట్టుకొన్నది దయకోసమే. వైష్ణవులలోనే ఒక శాఖవారు కోతిపిల్ల తల్లిని పట్టుకొన్నట్లు భక్తుడు దైవాన్ని పట్టుకోవాలన్నారు. మరొక శాఖవారు పిల్లి తన కూనను నోట కరచుకొన్నట్లు దైవమే భక్తుని పట్టుకొంటాడన్నారు. చౌదరిగారి కీర్తనలలోని భక్తుడు పిల్లికూన వంటివాడు. చేతిలో ఏమీ లేదని ఒప్పుకోవడమే అతని అర్హత. ఆర్. ఆర్. సుందరరావుగారు తెలుగు క్రైస్తవ కీర్తనలలోని భక్తితత్త్వంపై పరిశోధన చేసి 1983లో గ్రంథంగా ప్రకటించారు. భక్తి సంప్రదాయానికీ ఈ కీర్తనలకూ గల సంబంధాన్ని తెలుసుకోగోరే విద్యార్థులకు అది ఉపయోగపడుతుంది.

కాలక్రమంలో ఈ కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటిలో చేరి శాఖాభేదం లేకుండా వ్యాపించాయి. గుంటూరు లూథరన్లు, నెల్లూరు ఒంగోలు బాప్టిస్టులు, నిజాం రాజ్యంలోని వెస్లియన్లు అందరూ వీటిని పాడుకొన్నారు. మెదక్‌లో 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మహాదేవాలయంలోనూ, 1978లో ఏర్పడిన కరీంనగర్ అధ్యక్ష మండలంలోని చర్చిలలోనూ ఇవి వినబడుతూనే ఉన్నాయి. పర్లాకిమిడిలో పుట్టిన వంగ బ్రాహ్మణుని పాట మన ఊళ్ళకు చేరిన దారి ఇది.

ముస్లింలమైన మేము ఈ చరిత్రను వ్రాస్తున్నప్పుడు మా దృక్పథాన్ని దాచుకోవడం ఉచితం కాదు. ఇస్లాంలో షరీఅత్ కృపకు ఎదురు నిలిచేది కాదు. అదే దైవం చూపిన దయ, మనిషి నడవవలసిన బాట. నమాజును, రోజాను భారమని మేము భావించము. ఈ విషయంలో చౌదరిగారి విశ్వాసానికీ మా విశ్వాసానికీ భేదం స్పష్టం. అయినా రహ్మాన్, రహీం అన్న నామాలతో ప్రతి కార్యాన్నీ ప్రారంభించే ముస్లింకు, అల్లాహ్ రహ్మత్ లేకుండా కేవలం తన కర్మల బలంతో ఎవరూ తరించరన్న బోధ పరిచితమే. పాటించిన నియమాన్ని చూసుకొని గర్వించేవాడు ఆ నియమాన్నే పాడుచేసుకొంటాడని మా పెద్దలూ చెప్పారు. భేదాన్ని భేదంగా ఒప్పుకొని, పోలిక ఉన్నచోట పోలికను గుర్తించడమే పరమతాన్ని చదివే మర్యాద.

తెలుగు చదివే మా విద్యార్థులలో ఉర్దూ మాతృభాషగా గలవారు అనేకులు. తెలుగు తమ మతంవారి భాష కాదేమోనన్న బెదురు కొందరిలో కనిపిస్తుంది. పిఠాపురం ఉమర్ అలీషా కవిగారు ఇస్లాం పక్షాన ఆ బెదురును పోగొట్టారు. అంతకు పూర్వమే పురుషోత్తమ చౌదరిగారు క్రైస్తవం పక్షాన ఆ పని చేశారు. వంగ వంశంలో పుట్టి, వైష్ణవంలో పెరిగి, క్రీస్తును నమ్మి, తెలుగులో పాడినవానికి తెలుగు పరాయిది కాలేదు. సాహిత్య చరిత్ర పాఠంలో ఆయన పేరు కనబడనప్పుడు, ఆ పేరును పక్కన వ్రాసుకొనవలసిందిగా మా విద్యార్థులను కోరుతున్నాము.