శ్వాసకు కావలి కాచిన వైద్యురాలు: డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ

పంటి బాధ ఎంత ప్రాచీనమో, పన్ను తీయించుకోవడానికి మానవునికి గల భయమూ అంత ప్రాచీనమే. ఆ భయాన్ని జయించే ప్రయత్నంలో దంతవైద్యులే ముందు నడిచారు. 1844లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హోరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడ్ వాయువు పీల్చి తన పన్నునే తీయించుకున్నాడు. 1846లో బోస్టన్‌లో విలియం మార్టన్ అనే మరొక దంతవైద్యుడు ఈథర్ శక్తిని నిరూపించాడు. మరుసటి సంవత్సరమే ఎడిన్‌బరోలో సింప్సన్ క్లోరోఫాంను ప్రవేశపెట్టాడు. ఈ విద్యకు మన హైదరాబాదు నగరం సమర్పించిన మహిళ డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా వైద్య చరిత్రకారులు పలువురు ఆమెను పేర్కొంటారు.

ఆమె హైదరాబాదు పార్సీ కుటుంబానికి చెందిన యువతి. 1846లో స్థాపితమైన హైదరాబాదు వైద్య పాఠశాలలో 1885లో చేరిన తొలి ఐదుగురు విద్యార్థినులలో ఒకరు. ఆ పాఠశాలలో తొలి దశాబ్దాల పాటు ఆధునిక వైద్యాన్ని ఉర్దూలోనే బోధించారు. మాతృభాషలో శాస్త్రం సాధ్యమా అని నేటికీ సందేహించేవారు ఈ విషయం గుర్తుంచుకోదగినది. రూపాబాయి 1889లో ఉత్తీర్ణురాలై వైద్యవృత్తిలో ప్రవేశించారు. స్త్రీలు వీధి గడప దాటడమే అరుదైన ఆ కాలంలో ఆమె శస్త్రచికిత్స బల్ల వద్ద, రోగి తల దగ్గర, తన స్థానాన్ని సంపాదించుకున్నారు.

అది క్లోరోఫాంపై ఘోర వివాదం నడుస్తున్న కాలం. 1848లో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ బాలిక కాలిగోరు తీయించుకోబోయి ఈ మందు వల్ల మరణించింది. అటుపిమ్మట అటువంటి మరణాలు అనేకం సంభవించాయి. పన్ను పీకించుకోవడం వంటి స్వల్ప చికిత్సలకై కుర్చీలో కూర్చున్నవారు సైతం వాటికి బలియయ్యారు. మొదట ఆగేది గుండెయా, శ్వాసయా? ఈ ప్రశ్నను తేల్చడానికి రూపాబాయి గురువు, పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ 1888లో ఒక సంఘాన్ని, 1889లో మరొకదానిని నడిపాడు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయం చేశారు. రెండవ సంఘానికి లండన్‌లోని లాన్సెట్ పత్రిక లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుని పంపింది. వందలాది జంతువులపై జరిగిన ఆ పరిశోధనలలో రూపాబాయి పాలుపంచుకున్నారు.

శ్వాసే ముందు ఆగుతుందనీ, మత్తు ఇచ్చేవారి దృష్టి దానిమీదనే నిలవాలనీ లారీ తీర్పు చెప్పాడు. నా దృష్టిలో ఆ తీర్పు సగం సత్యం. 1911లో గుడ్‌మన్ లెవీ తన ప్రయోగాలతో మిగిలిన సగాన్ని బయటపెట్టాడు. మత్తు చాలీచాలకుండా ఉన్నప్పుడు, శరీరంలో అడ్రినలిన్ పెరిగితే, గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగిపోవచ్చునని తేలింది. దంతవైద్యుని కుర్చీలో భయంతో వణికేవాని ప్రాణం ఎందుకు పోయిందో దానితో అర్థమైంది. కాలక్రమంలో క్లోరోఫాం వైద్యశాలల నుండి తొలగిపోయింది. శ్వాసను గమనించమన్న సూత్రం మాత్రం నిలిచింది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరాలలోని మన విద్యార్థులకు ఇది దూరపు కథ కాదు. వంకర పళ్ళను సరిచేసే పారదర్శకమైన అలైనర్ తొడుగుల గురించి నేడు యువత వింటూనే ఉంది. రోజుకు ఇరవై గంటలకు పైగా ధరించి, ఒకటి రెండు వారాలకొకసారి మార్చవలసిన ఆ తొడుగులకు సాధారణంగా మత్తుతో పని లేదు. పళ్ళకు చోటు చాలక ఒకటి రెండు తీయవలసి వస్తే చాలామందికి చిగురులో మొద్దుబారే సూది చాలు. భయం మిక్కుటమైనవారికి ముక్కు ద్వారా ఆక్సిజన్‌తో కలిపిన నైట్రస్ ఆక్సైడ్, మాత్ర, లేదా నరానికిచ్చే మందు ఉన్నాయి. ఏది ఎవరికి తగునో నిర్ణయించేది వైద్యుడే. వేలికి తగిలించే చిన్న యంత్రం రక్తంలోని ఆక్సిజన్‌ను చూపుతుంది. అయినా రోగి ఊపిరిని చూస్తూ ఉండే శిక్షణ పొందిన మనిషి ఎవరో ముందుగా అడిగి తెలుసుకోవడం రోగి హక్కు. మాత్ర గాని, నరానికి మందు గాని తీసుకున్నవారు వెంట మనిషి లేకుండా ఇల్లు చేరరాదు.

అటువంటి మనిషిగానే రూపాబాయి జీవించారు. ఎన్నో ఏళ్ళ అనుభవం గడించిన పిదప కూడా తన చేతిలోని మందు స్వభావం తనకు ఇంకా తెలియాలనే తపన ఆమెను 1909లో ఎడిన్‌బరోకు నడిపించింది. మత్తు వైద్యానికి ప్రత్యేక పట్టాలు లేని ఆ రోజుల్లో ఆమె అక్కడ భౌతిక, రసాయన శాస్త్రాలను అభ్యసించారు. చేయితిరిగిన వైద్యురాలు మళ్ళీ విద్యార్థుల బల్లపై కూర్చోవడం సామాన్య విషయం కాదు. పిదప స్వనగరానికి తిరిగి వచ్చి, చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంటుగా సేవలందించి 1920లో పదవీ విరమణ చేశారు.