కుంటికాలితో నడిచి ఎందరినో నడిపించిన తల్లి – ఏగ్నెస్ హంట్



మహనీయుల జీవితాలంటే మనకు రాజులు, కవులు, పండితులు ముందుగా గుర్తుకు వస్తారు. ఈ సావనీరు కోసం మేము ఎన్నుకున్నది ఒక నర్సు జీవితం. అదీ పదేళ్ళ వయస్సు నుంచి కుంటుతూ నడిచిన నర్సు. ఆమె పేరు ఏగ్నెస్ హంట్. ఇంగ్లాండు దేశస్థురాలు. ఎముకలు విరిగినవారికి, కీళ్ళు చెడినవారికి, కండరాలు పడిపోయినవారికి చేసే పరిచర్య ఒక ప్రత్యేక విద్య అని లోకానికి చూపించిన మొదటి వ్యక్తి ఈమె అని చెప్పుకుంటారు.

మేము డాక్టర్లము కాము. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునే ఉపాధ్యాయులము. మరి ఈ విషయం మాకెందుకు అంటే, దానికొక కారణం వుంది. అది ముందుగా చెప్పుకోవడం మంచిది.

కొన్నేళ్ళ క్రిందట మా తరగతి పిల్లవాడొకడు జామచెట్టు మీదనుంచి పడి కుడి మోచేతి దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఇంటివాళ్ళు ఒకచోటికి తీసుకుపోయి బద్దలు పెట్టించి, బాగా బిగించి కట్టు కట్టించారు. సాయంత్రం మేము పరామర్శకు వెళ్ళేసరికి పిల్లవాడు ఒకటే ఏడుపు. వేళ్ళు వాచి, రంగు మారి వున్నాయి. ఎముక విరిగాక నొప్పి వుండదా మాస్టారూ అన్నారు పెద్దవాళ్ళు. మేము కూడా తల నిమిరి, సబర్ చెయ్యి బేటా, మగపిల్లలు ఏడవకూడదు అని చెప్పి, వాళ్ళిచ్చిన చాయ్ తాగి ఇంటికి వచ్చేశాము. మూడోనాడు కట్టు విప్పేటప్పటికి జరగవలసింది జరిగిపోయింది. ఎముక అతుక్కుంది గాని చెయ్యి మిగల్లేదు. వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి.

ఆ రోజు సబర్ చెప్పవలసిన రోజు కాదు, పరుగెత్తవలసిన రోజు. ఆ సంగతి మాకు తెలియలేదు. తెలిసినవాళ్ళు ఒక్కరు అక్కడ వుండి ఆ వేళ్ళ వైపు చూసివుంటే ఆ పిల్లవాడి చెయ్యి దక్కేది. అప్పటినుంచి ఈ పరిచర్య గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చాము. అలా చదువుతూ చదువుతూ ఏగ్నెస్ హంట్ జీవితం దగ్గర ఆగాము.

ఏగ్నెస్ గ్వెండొలిన్ హంట్ 1866 డిసెంబరు 31వ తేదీన లండన్‌లో జన్మించింది. తండ్రి ష్రాప్‌షైర్ జిల్లాలో పెద్ద భూస్వామి. ఇంట్లో చాలామంది పిల్లలు. పదేళ్ళప్పుడు ఆమె కాలి మడమకు బూటు ఒరుసుకుని చిన్న బొబ్బ లేచింది. ఆ బొబ్బ చీము పట్టింది. ఆ విషం రక్తంలో కలిసి తుంటి ఎముకకు ఎక్కింది. చీమును చంపే మందులు ఇంకా పుట్టని కాలమది. పెన్సిలిన్ రావడానికి మరి అరవై ఏళ్ళకు పైగా వుంది. ప్రాణం దక్కింది గాని కాలు పోయినట్లే అయింది. జీవితమంతా ఆమె కుంటుతూనే, నొప్పితోనే గడిపింది.

అయితే ఆ ఇంట్లో ఒక మంచి జరిగింది. కాలు చెడింది గదా అని ఆమెను మూలన కూర్చోబెట్టి జాలిపడలేదు. తోడబుట్టినవాళ్ళతో పాటే పెరిగింది. తండ్రి పోయిన తరువాత తల్లితో కలిసి ఆస్ట్రేలియా వెళ్ళి కొన్నేళ్ళు అక్కడ కష్టమైన బ్రతుకే బ్రతికింది. తిరిగి వచ్చి, 1887లో రిల్ అనే సముద్రతీర పట్టణంలో పిల్లల ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకోవడానికి చేరింది. నర్సంటే రోజంతా నిలబడే పని, బరువులెత్తే పని. కుంటికాలుతో అది సులభం కాలేదు. మధ్యలో ఆరోగ్యం దెబ్బతిన్నది. అయినా విడిచిపెట్టక, ష్రూస్‌బరీ ఆసుపత్రిలో శిక్షణ పూర్తి చేసింది. ఆ పైన ఇండ్లకు వెళ్ళి రోగులను చూసే జిల్లా నర్సుగా పని చేసింది. బీదవాళ్ళ ఇంట్లో రోగి ఎలా పడివుంటాడో, ఆసుపత్రి నుంచి పంపించేశాక ఏమవుతాడో ఆమె కళ్ళారా చూసింది అప్పుడే.

1900 సంవత్సరంలో తన స్వంత ప్రాంతమైన బాస్‌చర్చ్ గ్రామంలో, స్నేహితురాలైన ఎమిలీ గుడ్‌ఫోర్డ్ అనే నర్సుతో కలిసి ఒక ఇల్లు తీసుకుని, ఆసుపత్రి నుంచి వచ్చినవారు కోలుకునే విడిది తెరిచింది. అక్కడికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది అవిటి పిల్లలే. ఎముకల క్షయ పట్టిన పిల్లలు, ఎముకలు మెత్తబడి కాళ్ళు వంకరపోయిన పిల్లలు, పోలియోతో కాళ్ళు పడిపోయిన పిల్లలు. ఇంట్లో మెట్లు నిటారుగా వున్నాయి. బద్దలు కట్టివున్న పిల్లలను రోజూ ఎత్తుకుని పైకి, క్రిందికి మోయడం సాధ్యం కాలేదు. అందుచేత తోటలోనే ఒక పక్క తెరిచి వుండే రేకుల షెడ్డుల వంటివి వేసి పిల్లల మంచాలు అక్కడే పరిచారు. మెట్ల ఇబ్బందికి చేసిన ఏర్పాటే చివరకు వైద్యంగా మారింది. గాలీ వెలుతురూ తగిలి, మంచి తిండి తిని పిల్లలు కోలుకోవడం మొదలుపెట్టారు. క్షయకు మందులు లేని ఆ రోజుల్లో విశ్రాంతి, ఎండ, గాలి, ఆహారం ఇవే మందు.

1903లో తన తుంటి నొప్పి చూపించుకోవడానికి ఏగ్నెస్ లివర్‌పూల్‌లో రాబర్ట్ జోన్స్ అనే డాక్టరు దగ్గరకు వెళ్ళింది. ఆయన ఆమె కాలు చూశాడు, ఆమె తన పిల్లల సంగతి చెప్పింది. కొద్దికాలానికే ఆయన బాస్‌చర్చ్‌కు వచ్చి పిల్లలను చూడడం, ఆపరేషన్లు చేయడం మొదలైంది. పిల్లల విడిది ఎముకల ఆసుపత్రిగా మారింది.

ఈ రాబర్ట్ జోన్స్ ఎవరి శిష్యుడో కూడా చెప్పుకోవాలి. ఆయనకు బంధువు, గురువు అయిన హ్యూ ఒవెన్ థామస్ తరతరాలుగా ఎముకలు కట్టే వంశంలో పుట్టాడు. థామస్ తండ్రి లివర్‌పూల్‌లో పేరుమోసిన నాటు ఎముకల వైద్యుడు. ఆయన తన కొడుకులను డాక్టరు చదువు చదివించాడు. ఆ కుటుంబపు చేతి నేర్పు, కాలేజీ చదువు రెండూ థామస్‌లో కలిశాయి. విరిగిన తొడ ఎముకను కదలకుండా చాచి పట్టివుంచే ఇనుప చట్రం ఆయన తయారుచేసినదే. మొదటి ప్రపంచ యుద్ధంలో తొడ ఎముక విరిగిన సిపాయిల్లో ఎక్కువమంది చనిపోతూ వుండేవారు. రాబర్ట్ జోన్స్ పట్టుబట్టి ఆ థామస్ చట్రాన్ని యుద్ధభూమికి తెప్పించిన తర్వాత ఆ చావులు బాగా తగ్గాయి. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారుండరు. నాటు చేతికి చదువు తోడైతే ఎంత మేలు జరుగుతుందో థామస్ కుటుంబమే సాక్ష్యం.

ఇక ఏగ్నెస్ హంట్ చేసినదేమిటి? డాక్టరు ఎముక సరిచేసి వెళ్ళిపోతాడు. గంటసేపటి పని. ఆ తరువాత ఆరు వారాలో, ఆరు నెలలో, క్షయ అయితే రెండు మూడేళ్ళో ఆ మనిషి మంచం మీద వుండాలి. అంతకాలమూ చూసుకునేది నర్సే. అతుకుతున్న ఎముక ప్రక్కకు జరగకుండా చూడాలి. కట్టు క్రింద చర్మం ఒరుసుకోకుండా చూడాలి. ఒక చిన్న ఒరుపు ఎంత పని చేస్తుందో ఏగ్నెస్‌కు వేరే చెప్పనక్కరలేదు, ఆమె కాలు పోయిందే ఒక బొబ్బ వల్ల. కట్టులో లేని కీళ్ళు బిగుసుకుపోకుండా కదిలించాలి. అన్నిటికంటే ముఖ్యం, రోగి దిగులు పడకుండా చూడాలి. బాస్‌చర్చ్‌లో మంచం మీద వున్న పిల్లలకు కూడా ఆటలు, పాటలు, చదువు వుండేవట. నవ్వు లేని వార్డులో ఎముకలు కూడా సరిగా అతకవని ఆమె నమ్మకం అని మాకు తోస్తుంది.

యుద్ధం వచ్చినప్పుడు గాయపడిన సిపాయిలను కూడా ఆ షెడ్డులలోనే పిల్లల ప్రక్కన వుంచి చూశారు. ఆ సేవకు 1918లో ఆమెకు రాయల్ రెడ్ క్రాస్ పతకం లభించింది. బాస్‌చర్చ్ చాలక, 1921లో ఆసుపత్రిని ఆస్వెస్ట్రీ పట్టణం దగ్గర పార్క్ హాల్ అనే చోట ఖాళీ అయిన మిలటరీ ఆసుపత్రిలోకి మార్చారు. 1926లో ఆమెకు డేమ్ బిరుదు ఇచ్చారు.

కాని మాకు బిరుదులకన్నా గొప్పవిగా కనిపించినవి రెండు పనులు. మొదటిది, ఊరూరా ఆమె ఏర్పాటు చేసిన క్లినిక్కులు. బాగయ్యాడని ఇంటికి పంపిన పిల్లవాడు కొన్ని నెలల తరువాత మళ్ళీ వంకర కాలుతో వస్తున్నాడు. కారణం, ఇంటి దగ్గర బద్దలు సరిచేసేవాళ్ళు లేరు, చూసేవాళ్ళు లేరు. బీదవాళ్ళు ప్రతిసారీ దూరం రాలేరు. రోగి రాలేకపోతే మనమే పోదాం అని చుట్టుప్రక్కల పట్టణాలలో క్లినిక్కులు పెట్టి నర్సులను పంపింది. రెండవది, 1927లో ఆసుపత్రి దగ్గరలోనే మొదలుపెట్టిన డెర్వెన్ శిక్షణాలయం. అవిటివాళ్ళకు చేతిపనులు నేర్పి సొంతంగా సంపాదించుకునేలా చేయడం దాని ఉద్దేశ్యం. కాలు నయం చేసి బిచ్చానికి పంపితే అది వైద్యం కాదని ఆమె తెలుసుకుంది. మన ఉర్దూలో ఖిద్మత్ అంటామే, దాని పూర్తి అర్థం ఇదే అనుకుంటాము.

1933లో రాబర్ట్ జోన్స్ మరణించాడు. ఆ ఆసుపత్రికి ఆయన పేరూ ఆమె పేరూ కలిపి పెట్టారు. ఈనాటికీ అది అదే పేరుతో నడుస్తున్నది. డెర్వెన్ కూడా కాలానికి తగినట్లు మారి ఇంకా నడుస్తున్నది. 1948 జులై నెల మొదట్లో బ్రిటన్‌లో అందరికీ ఉచిత ప్రభుత్వ వైద్యం మొదలైంది. ఆ నెల 24వ తేదీన ఏగ్నెస్ హంట్ కన్నుమూసింది. అప్పటికి ఆమె వయస్సు 81.

ఇప్పుడు మన ఇండ్ల సంగతి. ఆమె రోజులు వేరు, ఈ రోజులు వేరు. క్షయకు మందులున్నాయి. మన దేశంలో పోలియో పోయిందని 2014లోనే ప్రకటించారు. తుంటి విరిగితే ఆపరేషను చేసి మర్నాడే లేపి కూర్చోబెడుతున్నారు. కాని స్కూటర్ల మీదనుంచి పడేవాళ్ళు, స్నానాలగదిలో జారిపడే నానీలు దాదీలు ప్రతి వీధిలోనూ వున్నారు. కట్టు కట్టించుకుని ఇంటికి వచ్చాక చూసుకోవలసింది మనమే. అందుచేత మేము నేర్చుకున్న నాలుగు మాటలు ఇక్కడ పెడుతున్నాము.

పిండికట్టు గాని, బద్దల కట్టు గాని కట్టిన తరువాత మొదటి రెండు మూడు రోజులు వేళ్ళను గంట గంటకూ చూడండి. వేళ్ళు పాలిపోయినా, నల్లబడినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, కదిలించలేకపోయినా, మందు వేసినా నొప్పి పెరుగుతూనే వున్నా తెల్లవారేదాకా ఆగవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపొండి. లోపల వాపు వల్ల రక్తం ఆడక కొద్ది గంటల్లోనే కండ చచ్చిపోతుంది. పోయిన కండ తిరిగి రాదు. కట్టిన చెయ్యిని గాని కాలును గాని దిండు మీద ఎత్తుగా వుంచండి. కట్టు లోపల దురద పెడితే పుల్లలు, సూదులు దూర్చవద్దు.

కాలికి బరువులు వేలాడదీసి ఆసుపత్రిలో పడుకోబెట్టినప్పుడు, పాపం బరువుగా వుందని చుట్టాలు వాటిని ఎత్తి మంచం మీద పెట్టడం మేము చూశాము. అలా చేయకండి. ఆ బరువు గాలిలో వేలాడితేనే ఎముక వరుసలో వుంటుంది.

మంచం పట్టిన పెద్దవాళ్ళను రెండు గంటలకొకసారి ప్రక్కకు మార్చండి. నడుము, తుంటి, మడమలు రోజూ చూడండి. ఎర్రబడిన మచ్చే రేపటి పక్కపుండు. గట్టిగా ఊపిరి తీయించండి, కట్టు లేని కాళ్ళూ చేతులూ కదిలించమనండి. డాక్టరు లేవమన్నాక భయపడి పడుకోబెట్టవద్దు. వయస్సు మీరినవాళ్ళకు తుంటి విరగడం కంటే ఆ తరువాత మంచాన పడిపోవడమే ఎక్కువ ప్రమాదం. పెద్దదైపోయింది, ఇంక ఆపరేషన్ ఎందుకులే అని నిర్ణయించే ముందు ఒకసారి డాక్టరునడగండి.

మా పిల్లవాడి సంగతి చెప్పి ముగిస్తాము. అతను ఎడమ చేత్తో రాయడం నేర్చుకున్నాడు. మొదట అక్షరాలు వంకరటింకరగా వచ్చేవి, తరువాత తరగతిలో చాలామంది కంటే చక్కగా రాశాడు. పదవ తరగతి పాసై ఇప్పుడు ఒక దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. బజారులో కనిపిస్తే ఎడమ చెయ్యెత్తి సలాం చేస్తాడు. మేము జవాబు చెబుతాము గాని అతని కుడిచేతి వైపు చూడలేము.

మన సొసైటీ వారికి మా విన్నపం ఒకటి. చంకకర్రలు, చక్రాల కుర్చీ, నడక చట్రం కొన్ని కొని వుంచితే అవసరమైనవాళ్ళు తీసుకుపోయి తిరిగి ఇస్తారు. మన ఆడపిల్లల్లో నర్సు చదువుకు పోవాలనుకున్నవాళ్ళను వద్దనకుండా సాయపడితే, రేపు మన వీధిలో ఒక పిల్లవాడు ఏడ్చినప్పుడు అతని వేళ్ళ వైపు చూసేవాళ్ళు ఒక్కరైనా వుంటారు.